నవాబుగారి మేడ పూటకూళ్ళిల్లు అయిన వైనం

(సిద్దిపేట మహిళా శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఫలక్‌నుమా అనగానే మనలో చాలామందికి ముందు గుర్తుకొచ్చేది రైలు. సికింద్రాబాదు నుంచి హౌరా పోయే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్. 2023 అక్టోబరులో మన సిద్దిపేటకు రైలు వచ్చాక, సికింద్రాబాదు స్టేషనులో దిగిన మనవాళ్ళ చెవిన ఆ పేరు మరికాస్త తరచుగా పడుతున్నది. ఆ రైలుకు పేరిచ్చిన ఇల్లు ఒకటున్నది. చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరాన, గుట్టమీద, తెల్లగా, ఊరంతా తనవంక చూడాలన్నట్టు కూర్చుని ఉంటుంది. ఫలక్ అంటే ఆకాశం. ఆకాశాన్ని తలపించేది, ఆకాశానికి అద్దంలాంటిది అని ఫలక్‌నుమాకు అర్థం చెబుతారు.

ఆ ఇల్లు ఇప్పుడు హోటలు. మంత్రిగారు కట్టుకున్నారు, రాజుగారు తీసుకున్నారు, తరువాత దుమ్ముకు వదిలేశారు, చివరకు డబ్బిచ్చినవారికి గది ఇచ్చే బస అయింది. మేడలూ మిద్దెలూ మనకెందుకు అనుకోకండి. ఆ ఇంటి కథలో ప్రతి మలుపులోనూ ఒక ఇల్లాలికి తెలిసిన కష్టమే ఉన్నది.

ముందు ఒకమాట. ఉన్న ఇంట్లో నలుగురికి వండిపెట్టి, పడక చూపించి, డబ్బు తీసుకోవడం మన తెలుగుదేశంలో కొత్తేమీ కాదు. పూర్వం బాటసారులు సత్రానికి పోయేవారు, లేదా పూటకూళ్ళమ్మ ఇంటికి పోయేవారు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర కూడాను. మొగుడు పోయి, చేతిలో ఇల్లు తప్ప మరేమీ మిగలని ఆడది ఆ ఇంటినే ఆధారం చేసుకునేది. ఇల్లు ఆమెను బతికించేది, ఆమె ఇంటిని బతికించేది. ఫలక్‌నుమా వంటి మేడకు కూడా చివరకు అదే దారి పట్టింది, అందులో కూడా ఒక స్త్రీ చెయ్యి ఉన్నది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇల్లు కట్టించినవారు సర్ వికారుల్ ఉమ్రా. పాయిగా వంశస్థులు. నిజాముల తరువాత రాజ్యంలో అంతటివారు పాయిగాలే. నిజాములు తమ ఆడపిల్లలను ఆ వంశంవారికి ఇచ్చేవారు. 1884 మార్చి 3వ తేదీన గుట్టమీద పునాది పడింది. అప్పటికి విలాయతులో విక్టోరియా రాణి గద్దెనెక్కి 46 ఏళ్ళు దాటాయి. మన సంస్థానాల ప్రభువులందరికీ తెల్లదొరల ఇళ్ళమీద మోజు పుట్టిన కాలం. కుర్చీ బల్లలు, పియానోలు, నిలువెత్తు అద్దాలు, నూనెరంగుల బొమ్మలు, వీటిలో ఏది లేకపోయినా పరువు తక్కువ. అందుకని ఇంగ్లీషు ఆర్కిటెక్టును పెట్టుకొని, ఇటలీ పాలరాయి తెప్పించి, ముందుభాగం ఇటలీ మహలులాగా, వెనుక జనానా మన పద్ధతిలో ఉండేటట్టు కట్టించారు. మీదినుంచి చూస్తే రెక్కలు చాచిన తేలు ఆకారంలో ఉంటుందని చెబుతారు.

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని ఊరికే అనలేదు పెద్దలు. కట్టడానికీ, సామాను అమర్చడానికీ కలిపి తొమ్మిదేళ్ళు పట్టింది. 1890 డిసెంబరులోనే వికారుల్ ఉమ్రా కుటుంబం గోల్ బంగళాలోకీ, జనానాలోకీ దిగింది. ముందువైపు మర్దానా మహలులో అప్పటికింకా పని నడుస్తూనే ఉన్నది. మనలో పని పూర్తికాని ఇంట్లో గృహప్రవేశం చేసినవారు ఉంటే, ఆ అవస్థ వారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకపక్క సుత్తిదెబ్బలు, సున్నపు దుమ్ము, ఇంకోపక్క పొయ్యిమీద ఎసరు. పరదాచాటున ఉండే ఆ బేగములు పనివాళ్ళ రాకపోకల మధ్య ఎట్లా నెగ్గుకొచ్చారో చరిత్రకారులెవరూ రాయలేదు. స్తంభాలు ఎన్నో మాత్రం లెక్కపెట్టి రాశారు.

1893లో వికారుల్ ఉమ్రా హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి అయినారు. ప్రధానమంత్రి అయితేనేం, పాయిగా జాగీరులు ఎన్ని ఉంటేనేం, ఆ మేడ ఆయన మోయగలిగినదానికంటె బరువైపోయింది. అప్పులు చేయవలసివచ్చింది. ఖర్చు 40 లక్షలని కొందరంటారు. ఆనాటి 40 లక్షలు! మొత్తం సంగతి ఎట్లా ఉన్నా, కట్టినాయన అప్పుల్లో పడిన మాట నిజం.

ఇక్కడ ఒక ఇల్లాలు ప్రవేశిస్తుంది. వికారుల్ ఉమ్రా భార్యను పుస్తకాలన్నీ లేడీ వికారుల్ ఉమ్రా అనే పిలుస్తాయి. ఆమెకూ ఒక పేరున్నది, జహందారున్నిసా బేగం. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు తోబుట్టువు. అంటే ఇంటికి వచ్చే రాజుగారు వికారుల్ ఉమ్రాకు ప్రభువే కాదు, బావమరిది వరస కూడాను.

హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. 1897 ప్రాంతంలో నిజాము చుట్టపుచూపుగా ఫలక్‌నుమాకు వచ్చారు. గుట్టమీది గాలి, కింద పరుచుకున్న ఊరు, ఆ మెట్లు, ఆ దీపాలు ఆయనకు ఎంతో నచ్చాయి. నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన అతిథి వారం ఉన్నారు. వారం దాటింది, నెల దాటింది. వెళ్ళే మాట లేదు. రాజును వెళ్ళమని అనగలిగేదెవరు? ఇంట్లోవారు నోరు మెదపలేరు. అప్పుడు ఆ బేగం భర్తతో, ఇంటిని రాజుకు నజరుగా సమర్పించుకోండి అన్నదట. నజరు ఇచ్చినవాడికి ప్రభువు గౌరవంగా ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. ఇల్లు ఎట్లాగూ నిలవదు, అప్పన్నా తీరుతుంది. నిజాము మేడ పుచ్చుకొని, తగిన సొమ్ము ఇప్పించారంటారు.

కథలో అతికినదెంతో, అల్లినదెంతో గానీ, 1897-98 నాటికి ఇల్లు నిజాము చేతికి వచ్చిన మాట మాత్రం చరిత్రే. నాకు ఆ బేగం బుద్ధి చాలా నచ్చింది. తమ్ముడికో, అన్నకో పుట్టింటివైపు మనిషిగా ఇల్లు అప్పగించినట్టూ ఉన్నది, భర్త పరువు కాపాడినట్టూ ఉన్నది. మగవాళ్ళు మర్యాద పేరుతో చిక్కుకున్న ముడిని ఆడది గోటితో విప్పడం మన ఇళ్ళల్లోనూ చూస్తూనే ఉన్నాం.

వికారుల్ ఉమ్రా ఊరుకున్నారా? ఇల్లు కట్టే చెయ్యి ఊరుకోదు. బేగంపేటలో మరో మేడ కట్టుకున్నారు, అదీ పాయిగా ప్యాలెస్. దానిలో కొంతకాలం హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఆఫీసు నడిచింది, 2008 నుంచి 2023 దాకా అమెరికావారి కాన్సులేటు ఉన్నది. మన పిల్లల వీసాల కోసం ఎందరు తల్లిదండ్రులు ఆ గేటు బయట పడిగాపులు పడ్డారో! ఫలక్‌నుమా కట్టినాయన ఇంటి ముందే నిలబడుతున్నామని వారిలో ఎందరికి తెలుసునో మరి. ఆయన 1902లో పోయారు.

ఇక లోపలి సంగతులు. 32 ఎకరాల ఆవరణ. 60 గదులు, 22 హాళ్ళు అని లెక్క చెబుతారు. పాలరాతి మెట్లకు ఇరుపక్కలా గోడలమీద పెద్దపెద్ద దొరల పటాలు. చదువుల గదికి చెక్కిన వాల్‌నట్ కర్రతో పైకప్పు వేశారు, ఇంగ్లండులో విండ్సర్ కోటలోని దానికి నకలు అంటారు. పుస్తకాలు ఆరువేల దాకా ఉండేవట. అన్నిటికంటె చూడవలసింది భోజనాల బల్ల. పొడుగు 108 అడుగులు, 101 మంది ఒకేసారి కూర్చుని తినవచ్చును. ఒక చివర గుసగుసలాడితే రెండో చివర వినబడుతుందని చూపించేవారు చెబుతారు. అత్తగారు అటు కొస, కోడలు ఇటు కొస కూర్చుంటే ఎంత చిక్కు!

మన పంక్తి భోజనాల్లో నూరుమందికి వడ్డించిన అనుభవం మనకున్నది. విస్తరి వేసి, నీళ్ళు చల్లి, ఈ కొసన పప్పు వేసి ఆ కొసకు చేరేసరికి మొదటావిడ చారుకోసం చూస్తూ ఉంటుంది. 101 మందికీ వేడివేడిగా, ఒకే క్షణాన పళ్ళెం పెట్టాలంటే వంటశాలలో ఎన్ని చేతులు, ఎన్ని పరుగులు కావాలి? పైన వేలాడే గాజు దీపాల గుత్తులు చూడండి. బర్మింగ్‌హామ్‌లో ఓస్లర్ కంపెనీవారు చేసినవి ఉన్నాయి. వందకు పైగా కొమ్మలున్న ఒక్కొక్క దీపానికి వేలాడే గాజుబిళ్ళలు విప్పి, కడిగి, తుడిచి, మళ్ళీ ఎక్కడివి అక్కడ తగిలించాలి. దీపావళికి ఒక ట్యూబులైటు మీది బూజు దులపడానికే మనం వాయిదాలు వేస్తాం కదూ.

ఆ మేడలో ఉండడమంటే నిజాముకు ఇష్టం. 1906లో వేల్స్ యువరాజుగా వచ్చిన ఐదవ జార్జికి బస ఇక్కడే. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ ఈ ఇంట్లోనే కన్నుమూశారు. వయసు 45 నిండిందంతే. ఆయన కొడుకు, ఆఖరి నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కాపురం కింగ్ కోఠీలో. ఫలక్‌నుమాను అతిథులకు వదిలేశారు. మనం మంచి దుప్పట్లు, మంచి గ్లాసులు చుట్టాలు వస్తే తీద్దామని బీరువాలో దాచినట్టు, ఆయన ఒక గుట్టంత ఇంటిని దాచారు! ఇంతా చేస్తే చుట్టాలు వచ్చేది ఎన్నేళ్ళకొకసారి?

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, రాజ్యం పోయింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఆ ఇంట బస చేశారు. ఆ తరువాత చెప్పుకోదగ్గ అతిథి లేరు. తలుపులు మూసేశారు. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ పోయారు. 1971లో రాజభరణాలు రద్దయినాయి. వారసుడైన మనుమడు ముకర్రం జా దేశం విడిచి ఆస్ట్రేలియాలో గొర్రెల పెంపకం పెట్టుకున్నారు. ఇక్కడ వారసుల దావాలు, పన్నుల తగాదాలు. అక్కడ తాళం వేసిన ఇంట్లో పట్టుతెరలు చీకిపోయాయి, తోలుకుర్చీలు పగిలిపోయాయి, అద్దాలమీద దుమ్ము గట్టిపడింది. దాదాపు యాభై ఏళ్ళు.

ఇంతవరకూ విన్న తరువాత మీలో ఎవరికైనా “పోతే పోనీ, నవాబుల ఇల్లు నవాబులే చూసుకోవాలె” అనిపించవచ్చును. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ పాలరాయి ఎవరి సొమ్ము? పాయిగాల జాగీరులు రాజ్యంలో వేల చదరపు మైళ్ళు. శిస్తు కట్టింది రైతు. మన మెతుకుసీమ కూడా నిజాము ఇలాకాయే కదా. మన చుట్టుపక్కల పల్లెల్లో దొరల గడీలు చూడండి. పెద్ద దర్వాజా, లోపల దేవిడీ, దాని వెనుక చావడి, ధాన్యపు కొట్లు. ఆ గడీల ముంగిళ్ళు ఊడ్చి, అలికి, ముగ్గులేసిన ఆడవాళ్ళకు కూలి లేదు, అది వెట్టి. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో జనం గడీలమీదికి ఊరికే పోలేదు. అందుకే కూలిన గడీని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోమని నేనెవరికీ చెప్పను.

అయినా రాయి చెక్కిన చెయ్యీ, కర్రమీద లతలు తీర్చిన చెయ్యీ దొరది కాదు. దొరమీద కోపంతో వడ్రంగి పనితనాన్ని చెదలకు వేయడం నాకు సమ్మతం కాదు. ఫలక్‌నుమా విషయంలో నేను సంతోషించేది ఇందుకే.

తాళం తీయించినావిడ పేరు ఎస్రా. టర్కీ దేశపు ఆడపడుచు. 1959లో ముకర్రం జాను పెళ్ళాడారు, 1970లలో విడాకులైనాయి. ఇరవై ఏళ్ళ తరువాత, ఆస్ట్రేలియాలో ఆస్తి కరిగిపోయి, ఇక్కడ దావాలు కొండలా పెరిగిన స్థితిలో, మాజీ భర్త ఆమెనే పిలిచి వ్యవహారం అప్పగించారు. చూశారా! విడిచిపోయిన కోడలే ఆ ఇంటికి దిక్కయింది. ఆమె లాయరును పెట్టుకొని వారసులతో రాజీలు కుదిర్చారు, సీళ్ళు వేసిన గదులు తెరిపించి సామాను పట్టీ రాయించారు. ఏది ఉన్నది, ఏది పోయింది, ఏది బాగు చేయవచ్చును అని. మనం కొట్టుగది సర్దినట్టే, కాకపోతే ఆ కొట్టుగది ఒక రాజ్యమంత.

2000 సంవత్సరంలో తాజ్ హోటళ్ళవారితో ఒప్పందం కుదిరింది. బాగుచేత పదేళ్ళు నడిచింది, కట్టడానికి పట్టినదానికంటె ఒక సంవత్సరం ఎక్కువ! పై కప్పుల రంగుబొమ్మలు, కుర్చీలు, తివాచీలు, దీపాలు అన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చారు. పాతదానికి నకలు కొత్తగా చేయడం ఎంత ఓపిక పనో మన సిద్దిపేట మగ్గాలవారిని అడిగితే చెబుతారు. గొల్లభామ చీర అంచున తలమీద చల్లకుండ పెట్టుకున్న ఆ చిన్న బొమ్మ ఒక్క పోగు అటు ఇటు అయితే గొల్లభామ కాదు, మరొకటి అవుతుంది. 2010 నవంబరులో 60 గదులతో హోటలు తెరిచారు. గేటు దగ్గర కారు దిగితే గుర్రబ్బండి మీద పైకి తీసుకుపోతారు. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుని కూతురు ఇవాంకా ట్రంప్ మొదలైన అతిథులకు మన ప్రధానమంత్రి విందు ఇచ్చింది ఆ 101 మంది బల్లమీదే.

గది అద్దె అడగకండి. మన ఇంటి నెల ఖర్చుకు అది అతికేది కాదు. హోటలు అయిందంటే జనానిదైందని కాదు, రాజుగారి స్థానంలో రొక్కం వచ్చి కూర్చుంది, అంతే. ఇది నాకు కొంచెం గుచ్చుకునే విషయమే.

అయితే హోటలు చేస్తే చాలు, ఇల్లు దానంతటదే బతుకుతుందనుకోవడం కూడా పొరపాటు. అసెంబ్లీ దగ్గర గుట్టమీద హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ ఉన్నది. సర్ నిజామత్ జంగ్ అనే న్యాయమూర్తి 1915లో కట్టుకున్న ఇల్లు. కేంబ్రిడ్జిలో తాను చదివిన కాలేజీ గుర్తుగా కట్టించారంటారు. 1929లో ఆఖరి నిజాము తన కొడుకు మోజ్జం జా కోసం కొన్నారు. 1950లలో అందులో రిట్జ్ హోటలు వెలిసింది. మన పెద్దల తరంలో హైదరాబాదు వెళ్ళివచ్చినవారు రిట్జ్ అంటే ఎంత గొప్పగా చెప్పేవారు! 1990లలో హోటలు మూతపడ్డాక దానిని పట్టించుకున్నవారు లేరు, చెట్లు మొలిచి, కప్పులు ఊడి, చివరకు కోర్టు దాకా పోయింది వ్యవహారం. రెండు ఇళ్ళూ గుట్టమీదివే, రెండూ హోటళ్ళే. ఒకచోట ముందు ఇంటిని బాగుచేసి తరువాత అతిథులను పిలిచారు. రెండోచోట అతిథులు వచ్చినన్నాళ్ళు వాడుకొని వదిలేశారు. వేసవిలో కప్పు చూసుకోనిదే వానాకాలంలో కాపురం చేయలేమని మనలో ఎవరికి తెలియదు?

హోటలే కానక్కరలేదు కూడా. మనకు అంత దూరం కాని దోమకొండలో పాత సంస్థానం కోటను ఆ వంశంవారే స్థానిక పనివారిచేత బాగుచేయించారు. 2022లో దానికి యునెస్కోవారి గుర్తింపు వచ్చింది. మన చుట్టుపక్కల నిలిచి ఉన్న గడీల్లో ఏదైనా ఒకటి బడి కావచ్చును, గ్రంథాలయం కావచ్చును, నేతచీరలు అమ్మే చోటు కావచ్చును. వెట్టి చేసిన అవ్వల మనుమరాళ్ళు అక్కడ దర్జాగా కుర్చీ వేసుకొని కూర్చుంటే చూడాలని నాకు ఆశ.

హైదరాబాదు వెళ్ళినప్పుడు ఈ వైభవం కొంతైనా చూడాలంటే ఫలక్‌నుమా గేటు దగ్గర నిలబడి మెడ నొప్పి తెచ్చుకోవద్దు. ఎస్రాగారే బాగుచేయించిన చౌమహల్లా ప్యాలెస్ చార్మినారు దగ్గరే ఉన్నది. 2005 నుంచి టికెట్టు మీద అందరినీ లోపలికి రానిస్తున్నారు. దర్బారు హాలులో గాజుదీపాలు తల ఎత్తి తనివితీరా చూడవచ్చును, రాణీల బట్టలు, పింగాణీ సామాను కూడా ఉన్నాయి. లాడ్‌బజారులో గాజులు కొనే పని ఎట్లాగూ పెట్టుకుంటారు కనుక, ముందు ప్యాలెస్ చూసి తరువాత బజారుకు పొండి. గాజుల బేరం మొదలైతే ఇక ప్యాలెస్ మాట ఉండదు. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు దానికి సెలవు.